మన గృహం: గోడ మీద పూసిన పూలు



ఈ నెల మన శీర్షికలో ముందుగా మా ఇంట్లో జరిగిన ఒక పొరపాటును మీ ముందు ఒప్పుకుంటాం. అసలు విషయానికి ఆ తర్వాత వస్తాం.

మా అత్తగారి దగ్గర ఒక చిన్న పూల పటం ఉంది. జానెడు వెడల్పు, జానెడున్నర పొడవు. ఆమె మొదటి కాన్పు సమయంలో మిషను ఆసుపత్రిలో పగలూ రాత్రీ దగ్గరుండి చూసుకున్న ఒక విదేశీ నర్సమ్మగారు, ఉద్యోగం ముగించుకుని స్వదేశానికి వెళ్లిపోతూ, తన గదిలో గోడకున్న ఆ పటాన్ని తీసి ఆమె చేతిలో పెట్టారట. నిలువుగా ఒక కాడ, ఆ కాడ పొడవునా గంటల్లా వేలాడుతున్న గులాబి రంగు పూలు, అడుగున నాలుగు ఆకులు, మూలన పెన్సిలుతో ఒక చిన్న సంతకం. అంతే ఆ బొమ్మ. ఆ పూల పేరు ఆమెకు తెలియదు. అచ్చం మన నువ్వు పువ్వులా ఉంటాయి కాబట్టి ‘దొరసాని నువ్వుపూలు’ అని పేరు పెట్టుకున్నారు. ఊళ్లో వాళ్ల పెంకుటింట్లో, పెద్దగా వెలుతురు రాని నడవ గోడకు ఆ పటం నలభై ఏళ్లు ఉంది.

మామగారు పోయాక అత్తగారు మా దగ్గరకు వచ్చేశారు. ట్రంకుపెట్టెలో చీరల మడతల మధ్య ఆ పటం కూడా వచ్చింది. మంచి మనసుతోనే మేము దాన్ని ముందు గదిలో, పడమటి కిటికీకి ఎదురుగా తగిలించాం. సాయంత్రపు ఎండ నేరుగా దాని మీద పడేది. వచ్చినవాళ్లందరూ చూసి బాగుందనేవారు. మేమూ సంతోషించేవాళ్లం. అలా అయిదు వేసవులు గడిచిపోయాయి.

ఈలోగా అత్తగారి రెండు కళ్లకూ శుక్లాలు వచ్చాయి. క్రిందటేడు ఆపరేషన్లు చేయించాం. రెండో కంటి కట్టు విప్పించుకుని ఇంటికి వచ్చిన రోజున ఆమె ముందు గదిలో నిలబడి గోడవంక చాలాసేపు చూశారు. “ఏమ్మా, ఆపరేషన్ సరిగ్గా కుదిరినట్టు లేదే. గుమ్మం కనబడుతోంది, నీ చీర అంచు కనబడుతోంది. ఆ నువ్వుపూలు మాత్రం కనబడటం లేదు” అన్నారు.

ఆమె కళ్లలో లోపమేమీ లేదు. పటంలో పూలే లేవు. ఆకుపచ్చ కాడ బూడిద రంగుకు తిరిగింది. గులాబి రంగు పూర్తిగా వెలిసిపోయి, పూలున్న చోట సన్నని గీతలు మాత్రం మిగిలాయి. రోజూ దాని ముందునుంచే తిరుగుతున్న మాకు ఆ మార్పు తెలియనే లేదు. “మీ కళ్లు బాగానే ఉన్నాయి అత్తయ్యా, తప్పు మాది” అని చెప్పడానికి మాకు రెండు రోజులు నోరు రాలేదు.

అసలు ఆ బొమ్మ ఏమిటో, దాన్ని ఎలా తయారు చేస్తారో అంతవరకు మేము పట్టించుకోలేదు. ఆ తర్వాతే వెతికి చదివాం. చదివిన కొద్దీ, ఇది మన కుటుంబాలన్నిటికీ ఉపయోగపడే సంగతి అనిపించింది.

ఒక మంచి ఆశ

ఆ పటంలోని బొమ్మ కుంచెతో వేసినది కాదు, యంత్రం మీద ముద్రించినదీ కాదు. చెక్క మీద చెక్కి, కాగితం మీద చేత్తో అద్దిన అచ్చు బొమ్మ. ఇంగ్లండు, స్కాట్లండు, అమెరికా దేశాలలో ఒక కాలంలో ఇలాంటి పూల అచ్చులను ఎందరో తయారు చేశారు. దాని వెనుక ఒక ఉద్యమమే ఉంది.

పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు అంతటా ఫ్యాక్టరీలు వచ్చాయి. ఇంట్లోకి కావలసిన వస్తువులన్నీ యంత్రాలమీద గుట్టలుగా తయారయ్యేవి. వాటిలో చాలావాటికి అందమూ లేదు, చేసినవాడికి వాటిమీద మమకారమూ లేదు. ఈ పరిస్థితి చూసి బాధపడినవారిలో విలియం మోరిస్ ముఖ్యుడు. 1834లో పుట్టిన ఈయన ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకు చేరినప్పుడు చర్చి సేవలో గురువు కావాలనే ఉద్దేశంతోనే చేరాడు. తరువాత ఆ ఆలోచన మాని చేతిపనుల వైపు తిరిగాడు. 1861లో కొందరు స్నేహితులతో కలిసి ఒక సంస్థ పెట్టాడు. చర్చిలకు రంగు అద్దాల కిటికీలు, ఇళ్లకు కుర్చీలు, బల్లలు, గోడలకు అంటించే పూల కాగితాలు ఆ సంస్థ తయారు చేసేది.

గోడ కాగితాల కోసం ఆయన గీసిన పూలు, తీగలు ఎక్కడివో కావు. 1862లో గీసిన మొదటి నమూనాకు ఆధారం తన ఇంటి తోటలో పందిరికి పాకించిన గులాబీలే. ఆ నమూనాలను బేరిపండు చెట్టు కలపతో చేసిన దిమ్మలమీద చెక్కించి, ఒక్కొక్క రంగునే చేత్తో అద్దించేవాడు. 1875లో వచ్చిన ‘అకాంథస్’ అనే ఆకుల కాగితానికి 15 రంగులు, 30 దిమ్మలు కావలసి వచ్చాయి. ఒక్క గోడకు ఎంత శ్రమ పడుతుందో ఊహించండి.

1880లో బర్మింగ్‌హామ్ పట్టణంలో ప్రసంగిస్తూ ఆయన ఇంటివారికి ఒక సలహా ఇచ్చాడు. పనికివస్తుందని తెలిసినదో, అందమైనదని నమ్మినదో అయితేనే ఇంట్లో ఉంచుకోండి, మరేదీ వద్దు అన్నది ఆ సలహా సారాంశం. మాటకు ఇది చాలా మంచిదే. కానీ అంత శ్రమతో తయారైన కాగితాలను కొనగలిగినవారు ఎవరు? ధనవంతులే. కూలివాని ఇంటికి కూడా అందం చేరాలని ఆశపడిన మనిషి, తన పని పెద్దవాళ్ల మేడలకే పరిమితం కావడం చూసి బాధపడ్డాడు. ఆయన భావాలను పంచుకున్న కళాకారులు 1887లో ఒక సంఘంగా ఏర్పడి, మరుసటి ఏడాది లండన్‌లో మొదటి ప్రదర్శన పెట్టారు. ఆ సంఘం పేరునుంచే ఈ ఉద్యమానికి ‘ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్’ అనే పేరు స్థిరపడింది. మోరిస్ 1896లో చనిపోయాడు.

బియ్యప్పిండి గంజితో

గోడంతా కాగితం అంటించలేనివాడు ఒక్క చిన్న బొమ్మనైనా పెట్టుకోగలడు కదా! ఆ దారి జపాను దేశంనుంచి వచ్చింది. జపానులో తరతరాలుగా చెక్క అచ్చులతో రంగుల బొమ్మలు వేసేవారు. ఫ్రాంక్ మోర్లీ ఫ్లెచర్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు 1890లలో తన స్నేహితుడు జాన్ బాటెన్‌తో కలిసి ఆ పద్ధతిని పట్టుదలగా నేర్చుకున్నాడు. తరువాత ఎందరో విద్యార్థులకు నేర్పాడు. 1916లో చెక్క అచ్చుల మీద ఒక పుస్తకం కూడా రాశాడు.

పద్ధతి వినండి. ముందు పువ్వును కాగితం మీద గీసి, ఆ కాగితాన్ని నునుపు చేసిన చెక్క పలక మీద అంటిస్తారు. గీతలను వదిలి, మిగతా చెక్కను ఉలితో తీసేస్తారు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క పలక. ఆకుపచ్చకు ఒకటి, గులాబికి ఒకటి. ప్రతి పలక మూలలోనూ చిన్న గాడి చెక్కుతారు. కాగితాన్ని ఆ గాడికి ఆనించి పెడితే ఒక రంగు మీద మరొక రంగు తప్పకుండా సరైన చోటనే పడుతుంది. రంగుపొడిని నీటిలో కలిపి, దానికి బియ్యప్పిండి ఉడికించిన గంజి చేరుస్తారు. ఆ గంజి వల్లే రంగు పలక మీద సమంగా పరుచుకుంటుంది. కుంచెతో రంగు రాసి, కొద్దిగా తడిపిన కాగితాన్ని పైన పరిచి, వెదురు పొరతో కప్పిన ఒక గుండ్రని బిళ్లతో వెనుకనుంచి గట్టిగా రుద్దుతారు. ప్రెస్సు అవసరం లేదు. వంటింటి బల్ల చాలు.

జపానులో బొమ్మ గీసేవాడు ఒకడు, చెక్కేవాడు ఒకడు, అద్దేవాడు మరొకడు. ఈ కొత్త కళాకారులు మాత్రం మూడు పనులూ తామే చేయాలని నియమం పెట్టుకున్నారు. ఒక వస్తువును మొదటినుంచి చివరిదాకా తన చేత్తో చేసినవాడికే ఆ పనిలో తృప్తి ఉంటుందని వాళ్ల నమ్మకం. ఒకసారి పలకలు చెక్కితే అనేక ప్రతులు తీయవచ్చు. అందుచేత ఒక్కొక్క ప్రతి ధర రంగుల చిత్రం అంత ఉండదు. మోరిస్ గోడ కాగితానికి దొరకని ఇల్లు ఈ చిన్న బొమ్మకు దొరికింది.

రొట్టె కోసే పలక

ఇలా నేర్చుకున్నవారిలో మేబెల్ రాయిడ్స్ అనే ఆమె సంగతి మాకు ఎంతో నచ్చింది. 1874లో పుట్టిన ఈమె ఎడిన్‌బరో ఆర్ట్ కాలేజీలో, ఫ్లెచర్ పెద్దగా ఉన్న కాలంలో పాఠాలు చెప్పింది. అక్కడే ఈ విద్య మీద ఆమెకు మక్కువ కలిగింది. ఆమె భర్త ఎర్నెస్ట్ లమ్స్‌డెన్ కూడా చిత్రకారుడే. ఇద్దరూ మన దేశానికి వచ్చి ఉత్తరాదిలో చాలా కాలం తిరిగారు. ఇక్కడ చూసిన మనుషులను, వీధులను ఆమె తరువాత చెక్క అచ్చులుగా చేసింది.

1930లలో ఆమె మనసు పూల మీదకు మళ్లింది. మంచి కలప పలకలు ఖరీదైనవి. ఆమె ఏం చేసిందంటే, వూల్‌వర్త్స్ దుకాణంలో ఆరు పెన్నీలకు దొరికే, రొట్టె కోసుకునే చవక పలకలను కొని వాటి మీద పూలు చెక్కింది! వంటింట్లో ఉండవలసిన పలకలు అలా ఇళ్ల గోడలకు పూలనిచ్చాయి. ఆమె పూలన్నీ నిండుగా విచ్చుకున్నవే కావు. వాడి తలలు వాల్చిన ట్యులిప్ పూలను కూడా ఆమె అంతే శ్రద్ధతో చెక్కింది. 1941లో ఆమె చనిపోయింది. ఆమె అచ్చులు ఇప్పుడు స్కాట్లండు జాతీయ చిత్రశాలలో ఉన్నాయి.

అమెరికాలో ఆర్థర్ వెస్లీ డౌ అనే ఉపాధ్యాయుడు ఈ పద్ధతినే నేర్పాడు. ఆయన దగ్గర చదువుకున్న ఎడ్నా బోయిస్ హాప్కిన్స్ తన అచ్చులలో చాలా భాగం పూలకే ఇచ్చింది. వీళ్ల బొమ్మల్లో ఒక పోలిక కనిపిస్తుంది. ఒక్క మొక్క, దాని చుట్టూ ఖాళీ. కుండీలూ తెరలూ, వెనుక భవనాలూ ఉండవు. చెప్పదలచుకున్నది ఒక్క పువ్వు గురించే. అందుకే చిన్న గదిలో పెట్టినా ఆ బొమ్మ ఇరుకుగా అనిపించదు.

మనకు కొత్త కాదు

ఇదంతా దొరల సంగతి, మనకెందుకు అనుకోకండి. చెక్కతో పువ్వు అద్దే విద్య మన కృష్ణా తీరంలో ఎప్పటినుంచో ఉంది. ఇంగ్లీషు కంపెనీవారు 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టారు. చేత్తో రాసినవీ, అచ్చు వేసినవీ అయిన మన పూల బట్టలు మచిలీపట్నం రేవునుంచీ, కోరమాండల్ తీరంలోని ఇతర రేవులనుంచీ ఓడలమీద ఐరోపాకు వెళ్లాయి. అక్కడి ఇల్లాళ్లు వాటిని ఎంతగా ఇష్టపడ్డారంటే, తమ పని పోతోందని ఇంగ్లండు నేతగాళ్లు గొడవ చేశారు. చివరకు 1721లో అక్కడి పార్లమెంటు అద్దకపు నూలు బట్టల వాడకాన్నే చాలా వరకు నిషేధిస్తూ చట్టం చేసింది. ఇంగ్లండులో పూల బట్టలు అద్దడం మొదలైందే మన దేశపు బట్టలకు అనుకరణగా. మోరిస్ కూడా తన బట్టలకు రసాయనపు రంగులు వద్దనుకుని, లీక్ అనే ఊళ్లోని థామస్ వార్డిల్ అద్దకశాలలో నీలిమందు వంటి పాత రంగులతో ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు.

మచిలీపట్నం పక్కన ఉన్న పెడనలో ఈనాటికీ టేకు దిమ్మల మీద పూలు, తీగలు చెక్కుతున్నారు. అక్కడా రంగుకొక దిమ్మ. కరక్కాయ నీటిలో తడిపి ఆరబెట్టిన బట్ట మీద చేత్తో అద్దుతారు. బెల్లం నీటిలో పాత ఇనుము నానబెట్టి నల్లరంగు చేసుకుంటారు. నర్సమ్మగారి పటం, పెడన దుప్పటి దూరపు చుట్టాలు.

మన ఇంట్లో ఎలా?

“ఇంటికి అలంకారం అవసరమా? ఆ డబ్బు పిల్లల చదువుకు పనికిరాదా?” అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. అప్పు చేసి అలంకరించమని మేము ఎన్నడూ చెప్పం. కానీ మన ఇళ్లను ఒకసారి చూసుకుందాం. ఒకే గోడకు మూడు సంవత్సరాల క్యాలెండర్లు, ఎరువుల కంపెనీ బొమ్మ, ఎండిపోయిన ప్లాస్టిక్ దండ ఉంటాయి. వాటిలో మనం ఇష్టపడి పెట్టుకున్నది ఎన్ని? గడిచిన క్యాలెండర్లు తీసేయడానికి పైసా ఖర్చు లేదు. ఖాళీ అయిన గోడకు ఒక్క మంచి బొమ్మ చాలు. పెడన అద్దకం గుడ్డ ముక్కను పటం కట్టించినా అందంగా ఉంటుంది.

ఇక మేము తప్పు చేసి నేర్చుకున్న పాఠాలు ఇవి:

పసుపు మరక పడిన గుడ్డను ఎండలో ఆరేస్తే మరక పోతుందని మన ఆడవాళ్లందరికీ తెలుసు. ఎండ రంగును తినేస్తుంది. నీటిరంగులతో వేసిన బొమ్మకు, గుడ్డ మీది అద్దకానికి, పాత పెళ్లి ఫొటోకు కూడా అదే జరుగుతుంది. ముఖ్యంగా గులాబి, ఎరుపు రంగుల్లో కొన్ని తొందరగా వెలిసిపోతాయి. నేరుగా ఎండ పడే గోడకు బొమ్మ కట్టవద్దు. కిటికీకి ఎదురుగా కాకుండా, కిటికీ ఉన్న గోడకే పక్కగా కడితే నయం.

వానాకాలంలో చెమ్మ ఎక్కే గోడ కూడా మంచిది కాదు. తప్పనిసరైతే పటం వెనుక కింది మూలలకు రెండు చిన్న చెక్క ముక్కలు అంటించండి. గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది. బూజు పట్టదు, చెదలు ఎక్కినా వెంటనే కనబడతాయి.

బొమ్మ అద్దానికి తగలకూడదు. తగిలితే చెమ్మకు అంటుకుపోతుంది. చుట్టూ దళసరి అట్ట చట్రం పెట్టించండి. వెనుక పాత అట్టపెట్టె ముక్క పెట్టించవద్దు. అందులోని ఆమ్లం వల్ల కొన్నాళ్లకు కాగితం గోధుమరంగుకు తిరుగుతుంది. ఆమ్లం లేని అట్ట పట్టణాలలో ఫ్రేములు కట్టేవారి దగ్గర అడిగితే తెప్పిస్తారు. బొమ్మకు జిగురు టేపు మాత్రం అంటించనివ్వకండి.

వంటింటి పొగకు దూరంగా, నిలబడినవారి కంటి ఎత్తున కట్టండి. మంచాన ఉన్న పెద్దవాళ్ల గదిలో అయితే, పడుకున్నవారికి కనబడే ఎత్తున కట్టండి.

పిల్లలకు సెలవుల్లో ఒక పని చెప్పండి. ముదిరిన బెండకాయను అడ్డంగా కోస్తే అయిదు రేకుల పువ్వు వస్తుంది. బియ్యప్పిండి గంజిలో రంగు కలిపి, ఆ ముక్కతో కాగితం మీద అద్దిస్తే వాళ్లకూ ఈ విద్య రుచి తెలుస్తుంది.

పటం విప్పిన రోజు

చివరిగా మా అత్తగారి పటం సంగతి చెప్పాలి. ఇంత చదివాక, ఉన్న గీతలనైనా కాపాడుకుందామని ఒక ఆదివారం మధ్యాహ్నం పటం విప్పాం. వెనుక మేకులు తీసి, గోధుమరంగు తిరిగిన అట్టను జాగ్రత్తగా తొలగించాం. బొమ్మ కాగితం మన చేతిరుమాలు అంత పలచన. దాన్ని తిరగేసి చూసి మేము ఆశ్చర్యపోయాం.

వెనుకవైపున పూలున్నాయి.

తడి కాగితం మీద వెనుకనుంచి రుద్దుతారని చెప్పుకున్నాం కదా. ఆ రుద్దుడుకు నీటిరంగు కాగితం లోపలికి ఇంకి వెనుకవైపుకు వచ్చింది. అట్ట చాటున ఉండిపోవడం వల్ల ఆ రంగుకు ఎండ తగలలేదు. గంటల్లాంటి పూలు, కుడి ఎడమలు తారుమారై, పలచగానైనా గులాబి రంగులోనే ఉన్నాయి.

పరుగున వెళ్లి అత్తగారిని పిలుచుకొచ్చాం. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, కొత్త కళ్లజోడు సవరించుకుని, కాగితాన్ని ముట్టుకోకుండా వంగి చూశారు. “ఆ, ఇదే రంగు” అన్నారు. కాసేపాగి, ఆ నర్సమ్మగారి గురించి మాకు ఎన్నడూ చెప్పని సంగతులు చెప్పడం మొదలుపెట్టారు. ఆ కాన్పులో బిడ్డ దక్కలేదట. మూడు రోజులు ఆమె కళ్లు తెరిచినప్పుడల్లా పక్కన ఆ నర్సమ్మగారే కూర్చుని ఉన్నారట. వెళ్లిపోయేటప్పుడు ఈ పటం ఎందుకిచ్చారో మాకు ఆ రోజు తెలిసింది.

బొమ్మను మళ్లీ మంచి అట్టతో కట్టించాం. ముందువైపే పైకి ఉంచమన్నారు ఆమె. వెనుక రంగు ఉందని తెలిస్తే చాలన్నారు. ఇప్పుడు ఆ పటం ఆమె గదిలో, ఎండ పడని గోడకు, మంచం మీదనుంచి కనబడేలా ఉంది. దాని పక్కన మా చిన్నమ్మాయి అద్దిన బెండకాయ పూల కాగితం ఒకటి చేరింది.

మీ ఇళ్లలో కూడా ఎవరో ఇచ్చిన పటమో, అమ్మమ్మ కుట్టిన గుడ్డో ఎండపడే గోడకు ఉండవచ్చు. ఈ పూట ఒకసారి చూడండి. ఉంటే, సాయంత్రం ఎండ వచ్చేలోగా తీసి లోపలి గోడకు మార్చండి. అది ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి.

వచ్చే నెల మరో విషయంతో కలుసుకుందాం.